గుంతకల్లు దారిలో ఫ్యూజు

పోయిన సంచికలో బ్యాటరీకి నీళ్ళు పోసే సంగతి రాశాక నాలుగు ఉత్తరాలు, కొన్ని ఫోన్లు వచ్చాయి. చాలామంది అడిగింది ఒక్కటే: "మా పాత కారులో ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. ఏం చేయమంటారు?" హోస్పేట నుంచి రాసిన ఒక పెద్దాయన మరో అడుగు ముందుకు వేసి, "మా మెకానిక్కు దానికి రాగి తీగ చుట్టి ఇచ్చాడు. అప్పటినుంచీ హాయిగా ఉంది" అన్నారు.

ఆ వాక్యం చదివాక, ఈసారికి రాసిపెట్టుకున్న రేడియేటరు వ్యాసాన్ని పక్కన పెట్టేశాను. ఎందుకంటే ఆ హాయి నేనూ అనుభవించాను. 2022 దీపావళి నుంచి 2023 సంక్రాంతి దాకా.

ముందుగా ఒక మాట. నేను చదివింది బి.కాం. ఫిజిక్సుతో నాకు హైస్కూలులోనే తెగతెంపులైపోయాయి. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో డెబిట్లు, క్రెడిట్లు చూసుకుంటున్నవాణ్ణి. కాబట్టి ఇది ఇంజనీరు చెప్పే పాఠం కాదు. తప్పు చేసినవాడు ఆ తప్పు చెప్పుకోవడం అనుకోండి.

మా ఇంట్లో ఉన్నది 1992 నాటి ప్రీమియర్ పద్మిని. మా నాన్నగారు కొన్నది. ఇటలీ ఫియట్ 1100 నమూనా మీద బొంబాయి కుర్లాలో తయారైన ఆ కార్ల సంగతి మీకు తెలియనిది కాదు. బొంబాయి రోడ్ల మీద నలుపు, పసుపు రంగుల పద్మిని టాక్సీలు కూడా 2023 అక్టోబరుతో సెలవు తీసుకున్నాయి. మాది మాత్రం ఇంకా కదులుతోంది. 2022లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు వెళితే, అంతకుముందు 600 రూపాయలున్న ఫీజు ఆ ఏప్రిల్ నుంచి 5,000 అయిందన్నారు. మా అబ్బాయి "నాన్నా, ఇక అమ్మేయ్" అన్నాడు. "ఇంత కట్టాక అమ్మేస్తానట్రా" అన్నాను. బ్యాంకువాడి బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఈ కారుకి ముఖ్యమైన ప్రయాణం గుంతకల్లు. అక్కడ మా అక్క ఉంది. ఇక్కడినుంచి దాదాపు 50 కిలోమీటర్లు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి బళ్ళారి మైసూరులో కలిసినప్పుడు మా పెద్దల ఇళ్ళు కొన్ని అటు, కొన్ని ఇటు అయ్యాయి. పెళ్ళిళ్ళు, పబ్బాలు, బియ్యం బస్తాలు మాత్రం సరిహద్దు చూసుకోలేదు. సిరుగుప్ప వైపు మాకు కొంచెం మడి ఉంది. పండగకు వెళ్ళినప్పుడల్లా డిక్కీలో అక్కకు ఒక బస్తా సోనామసూరి వేసుకుపోవడం మా నాన్నగారి నాటి నుంచీ ఆనవాయితీ. ఈ బస్తాను గుర్తు పెట్టుకోండి.

2022 శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు సాయంత్రం బ్యాంకు అయ్యాక బయలుదేరాం. ఊరు దాటి చీకటి పడ్డాక లైట్లు వేశాను. కాస్త దూరం పోయేసరికి డాష్‌బోర్డులో మీటరు దీపం ఆరిపోయింది. ముందు లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి కాబట్టి నేను పట్టించుకోలేదు. వెనకనుంచి ఒక లారీ హారను మీద హారను కొడుతోంది. దారి ఇస్తే పక్కకు వచ్చి, క్లీనరు తల బయటపెట్టి కన్నడంలో అరిచాడు: నీ బండికి వెనక లైట్లే లేవు, చావాలనుందా అని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. పాత కార్లలో ముందు లైట్లకు ఒక ఫ్యూజు, వెనక చిన్న దీపాలకు వేరే ఫ్యూజు ఉంటాయి. రెండోది పోతే నడిపేవాడికి ఎదురుగా అంతా వెలుగే, వెనకవాడికి అంతా చీకటే. మా కారులో మీటరు దీపం కూడా ఆ వెనక దీపాల ఫ్యూజు మీదే ఉంది కాబట్టి అది ఆరితే వెనక దీపాలు పోయాయని అర్థం. మీ బండిలో ఏ ఫ్యూజు మీద ఏవేం ఉన్నాయో ఒక ఆదివారం పొద్దున ఒక్కొక్కటే తీసి చూసి, కాగితం మీద రాసి, ఫ్యూజు డబ్బా మూత లోపల అంటించండి. నేను ఆ పని ముప్ఫై ఏళ్ళు చేయలేదు.

ఆ రోజు కొత్త ఫ్యూజు వేశాను. ఊరు చేరేలోపు అదీ పోయింది. మర్నాడు రాత్రి తిరుగు ప్రయాణంలో ఇంకొకటి వేస్తే బళ్ళారి దాకా చక్కగా వెలిగింది. ఆ తర్వాత ఊళ్ళో నెల రోజులు తిరిగినా ఏమీ కాలేదు. దసరాకు మళ్ళీ గుంతకల్లు. మళ్ళీ పోయేటప్పుడు పోయింది, వచ్చేటప్పుడు పోలేదు. మా ఆవిడ, "మీ అక్కయ్యగారింటికి పోవడం కారుకీ ఇష్టం లేనట్టుంది" అంది. వెనక సీటులో మా అమ్మ ఉందని తర్వాత గుర్తుకొచ్చింది ఆమెకు.

నవ్వుకున్నాం. కానీ ఆ మాటలోనే సమాధానం ఉందని అప్పుడు నాకు తోచలేదు.

దీపావళికి మూడోసారి. నా దగ్గరున్న ఫ్యూజులు అయిపోయాయి. ఇవి ఈ కాలపు కార్లలోలాగా రెండు కాళ్ళున్న ప్లాస్టిక్ బిళ్ళలు కావు. అంగుళం పొడవు పింగాణీ కడ్డీ, రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. వీపు మీద సన్నని లోహపు రేకు పరుచుకుని ఉంటుంది. తెల్లది 8 ఆంపియర్లు, ఎర్రది 16, నీలంది 25. పాత ఐరోపా కార్లలో చాలావాటికి ఇవే. దారి పక్క చిన్న షాపులో అడిగితే ఆ కుర్రవాడు, "ఇవి ఇప్పుడెక్కడ దొరుకుతాయి సార్" అంటూ కాలిపోయిన ఫ్యూజునే తీసుకుని, ఒక వైరు చెక్కి అందులోని రాగి పోగులు నాలుగైదు పేని, రెండు కొసలకూ బిగించి చుట్టి పెట్టాడు. "ఇంక జన్మలో పోదు సార్." ఇరవై రూపాయలు ఇచ్చాను. అతన్ని అనాల్సిన పని లేదు. వద్దని చెప్పాల్సింది నేను.

నిజంగానే పోలేదు. మధ్యలో రెండుసార్లు గుంతకల్లు వెళ్ళొచ్చినా పగటి పూటే కాబట్టి లైట్ల అవసరమే రాలేదు. ఊళ్ళో రాత్రిళ్ళు తిరిగితే అన్నీ వెలిగాయి. హోస్పేట పెద్దాయన అన్న హాయి ఇదే.

2023 సంక్రాంతికి రెండు రోజుల ముందు సాయంత్రం. ముందు సీటులో మా ఆవిడ, వెనక 81 ఏళ్ళ మా అమ్మ, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతున్న మా అక్క మనవరాలు. ఆ పాప వయసు నాలుగేళ్ళు. సెలవులకు మా ఇంటికి వచ్చింది, దింపడానికి తీసుకెళుతున్నాం. డిక్కీలో బస్తా. హగరి వంతెన ఇంకా రాలేదు. మా అమ్మ అంది: "ఏమప్పా, ఏదో కాల్తాండే వాసనొస్తాంది."

"పొలాల్లో ఏదో తగలబెడుతున్నారులే అమ్మా" అన్నాను. రెండు నిమిషాలకు స్టీరింగు కిందనుంచి సన్నగా పొగ. ప్లాస్టిక్ కాలిన ఘాటు. బండి పక్కకు తీసి లైట్ల స్విచ్ ఆపాను. ఒక్కసారిగా కారు లోపలా బయటా కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నాయి, మన కారు అక్కడ ఉన్నట్టు ఎవడికీ తెలియదు. మా ఆవిడ పాపను ఎత్తుకుని రోడ్డు దిగిపోయింది. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమెను దింపడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, ఎంతోసేపు అనిపించింది.

బానెట్టు ఎత్తి, సెల్‌ఫోను లైటు పళ్ళ మధ్య పట్టుకుని, బ్యాటరీ ఎర్తు తీగ విప్పాను. ముందు ఎర్తు తీగే ఎందుకు విప్పాలంటే, పాజిటివ్ కొస విప్పుతుండగా స్పానరు బాడీకి తగిలితే అక్కడే ఇంకో షార్టు. ఎర్తు తీగ విప్పేటప్పుడు స్పానరు బాడీకి తగిలినా ఏమీ కాదు. ఇది నాకు ఎప్పుడో మా నాన్నగారు చెప్పిన మాట. ఆ రాత్రి పనికొచ్చింది. పొగ ఆగింది. పక్క ధాబావాళ్ళు టార్చి తెచ్చి, కారును లోపలికి తోసి పెట్టుకున్నారు. వాళ్ళ మంచానే మా అమ్మను పడుకోబెట్టాం. మా బావగారు గుంతకల్లు నుంచి జీపు మాట్లాడుకుని వచ్చేదాకా మా ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పాప నిద్ర లేవనే లేదు.

ఫ్యూజు తెగాల్సిన చోట తెగకపోతే ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను. తీగలో కరెంటు పారితే వేడి పుడుతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. చక్రవడ్డీ కూడా ఇంత ఘోరంగా పెరగదు. బ్యాటరీకి షార్టు దొరికితే వందల ఆంపియర్లు తోసేయగలదు. ఆ దారిలో అన్నిటికన్నా బలహీనమైనది ఏదో అది ముందు కరుగుతుంది. ఆ బలహీనమైనది మనం ఎంచుకున్న చోట, మూత ఉన్న డబ్బాలో, పింగాణీ మీద ఉండాలని ఫ్యూజు పెట్టారు. వెంట్రుకంత రాగి పోగు ఒక్కటి ఏడెనిమిది ఆంపియర్లకు కరగవచ్చు. నాలుగైదు పేనితే ముప్ఫై దాటినా నిలబడుతుంది. వెనక దీపాలకు వేసిన సన్న వైరు అంత మోయలేదు. అంటే నేను డబ్బాలో ఉన్న ఫ్యూజును తీసి, డాష్‌బోర్డు కింద, అమ్మ కాళ్ళకు రెండడుగుల దూరంలో, నాలుగు మీటర్ల పొడవున్న ఫ్యూజు పెట్టుకున్నానన్నమాట.

బ్యాంకులో ఇలాంటి పని ఒకటుంది. లెక్క తేలకపోతే తేడా మొత్తాన్ని సస్పెన్సు ఖాతాలో వేసి, పుస్తకం మూసి ఇంటికి పోవడం. ఆ రోజుకు అందరూ హాయిగా నిద్రపోతారు. ఆడిటరు వచ్చినప్పుడు మాత్రం ఉండదు ఆ హాయి. నా కింద పనిచేసే పిల్లలను ఈ విషయంలో ఎంతమందిని తిట్టానో!

పండగ అయ్యాక కారును తోలించుకుని కౌల్ బజారులో మాకు పాతికేళ్ళుగా తెలిసిన మేస్త్రీ దగ్గరకు తెచ్చాను. ఆయన రాగి తీగ చుట్టిన ఫ్యూజును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "సార్, మీ బ్యాంకు వాచ్‌మన్ దొంగను చూసి అరుస్తాండాడని అతని నోరు కట్టేస్తారా?" అన్నాడు. నేను మాట్లాడలేదు.

కాలిన వైరు మార్చాక ఆయన కొత్త ఫ్యూజు వేయలేదు. ఫ్యూజు ఉండాల్సిన చోట, రెండు తీగలు తగిలించిన ఒక 21 వాట్ల బ్రేకు లైటు బల్బును కలిపాడు. ఇది తెలుసుకోదగ్గ చిట్కా. దారిలో షార్టు ఉంటే ఆ బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది, కానీ బల్బే కరెంటును రెండు ఆంపియర్లు దాటనివ్వదు కాబట్టి ఏదీ కాలదు. షార్టు తీసేయగానే బల్బు మసకబారుతుంది. ఒక్కో వైరు విప్పుకుంటూ పోయి, ఏది విప్పితే మసకబారిందో ఆ దారిలో దోషం ఉన్నట్టు. ఒక పెట్టె ఫ్యూజులు కాల్చుకునే పని లేదు. ఖర్చు ఒక పాత బల్బు.

ఇది చూడగానే నాకు మా పాత రోజులు గుర్తొచ్చాయి. కంప్యూటర్లు రాకముందు లెడ్జర్లు బ్యాలెన్సు చేసే రాత్రుల్లో తేడా వస్తే మొత్తం మళ్ళీ కూడేవాళ్ళం కాదు. సగానికి విడగొట్టి ఏ సగంలో తేడా ఉందో చూసేవాళ్ళం. మళ్ళీ ఆ సగాన్ని సగం. తేడా 9తో భాగిస్తే నిశ్శేషంగా పోయిందా, ఎక్కడో 54ను 45 అని రాశారని అనుమానించేవాళ్ళం. తేడాలో సగానికి సమానమైన పద్దు కనబడితే అది డెబిట్ వైపు పడాల్సింది క్రెడిట్ వైపు పడి ఉంటుంది. మేస్త్రీ కూడా అంతే. ముందు భాగం, వెనక భాగం విడదీశాడు. కనెక్షన్లు ఒక్కొక్కటీ విప్పాడు. బండి ఊపాడు.

బల్బు మసకగానే ఉంది. షార్టు లేదు. రెండు గంటలు వెతికినా లేదు.

"బాగానే ఉంది కదా సార్. ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు. ఇలాంటి చోటే చాలామంది కొత్త ఫ్యూజు వేసి పంపించేస్తారు. నాకు మాత్రం ఆ రోజు ధైర్యం చాల్లేదు. జేబులో డైరీ ఉంది. పెట్రోలు, మైలేజీ, రిపేర్లు రాసుకునే అలవాటు నాది. ఫ్యూజు పోయిన తేదీలు తీసి ఆయనకు చదివి వినిపించాను: శ్రావణం, పోయేటప్పుడు, రాత్రి. దసరా, పోయేటప్పుడు, రాత్రి. దీపావళి, పోయేటప్పుడు, రాత్రి. వచ్చేటప్పుడు ఒక్కసారీ లేదు.

మేస్త్రీ బీడీ ఆర్పి అడిగాడు: "పోయేటప్పుడు ఉండేది, వచ్చేటప్పుడు లేనిది ఏముంది సార్, బండిలో?"

బియ్యం బస్తా!

పక్కన కిరాణా అంగడి నుంచి బస్తా అడిగితే వాళ్ళు పిచ్చివాళ్ళను చూసినట్టు చూశారు. చివరికి మేస్త్రీ తన దగ్గర పని నేర్చుకుంటున్న బొద్దు కుర్రవాణ్ణి డిక్కీలో కూర్చోమన్నాడు. వాడు నవ్వుతూ ఎక్కి కూర్చున్నాడు. బల్బు భగ్గుమని వెలిగింది. లేవమంటే మసకబారింది. కూర్చోమంటే వెలిగింది. ఆ వీధిలో ఉన్నవాళ్ళంతా వచ్చి చూశారు. నాకు మాత్రం, ఎన్నో ఏళ్ళ క్రితం రాత్రి రెండు గంటలకు ఏడు రూపాయల ఇరవై పైసల తేడా దొరికినప్పటి ఆనందం మళ్ళీ కలిగింది.

డిక్కీలో పరిచిన చాప తీస్తే సంగతి బయటపడింది. వెనక దీపాలకు పోయే వైరు నేల మీదుగా పోతుంది. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు ఎప్పుడో ఊడిపోయింది. దాని మీద జాకీ. జాకీ అడుగు అంచు, పైన బరువు పడ్డప్పుడల్లా వైరును నొక్కి, తోలు కోసి, రాగిని రేకుకు ఆనించింది. బరువు తీస్తే జాకీ కాస్త లేచేది, షార్టు మాయం. తెగిన చోట రాగి పచ్చబారి ఉంది. అంటే ఇది నిన్న మొన్నటి గాయం కాదు.

మేస్త్రీ ఆ ముక్క కోసేసి కొత్త వైరు వేశాడు. వైరుకు తొడుగు వేసి, రేకులోంచి దూరే చోట కొత్త రబ్బరు బిళ్ళ పెట్టి, జాకీని పక్క గోడకు బెల్టుతో కట్టాడు. టేపు చుట్టి వదిలేయలేదు. మన ఎండలకు, 40 డిగ్రీలు దాటితే టేపు జిగురు కారి ఊడిపోతుంది, అది ఒక వేసవి వైద్యం మాత్రమే. ముందు వైపు మాడిన వైరుతో సహా అంతా కలిపి 1,800 రూపాయలయింది. ఇరవై రూపాయల రాగి తీగ మిగిల్చిన ఖర్చు అది. మా అమ్మ భయం లెక్కలోకి రాదు.

ఇంకో విషయం చెప్పకపోతే లోటు. మొదటి రోజే నేను ఒక చిన్న భాగహారం చేసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. వాట్లను 12 వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. వెనక దీపాలు రెండు, ఒక్కొక్కటి 5 వాట్లు. నంబరు ప్లేటు దీపం, మీటరు దీపం కలుపుకున్నా మొత్తం 20 వాట్లు దాటదు. అంటే రెండు ఆంపియర్లు కూడా లేవు. ఫ్యూజు చూస్తే 8 ఆంపియర్లది. రెండు ఆంపియర్ల పని చేసే చోట ఎనిమిది ఆంపియర్లది పోతోందంటే అది బరువు ఎక్కువై పోవడం కాదు, ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని చిన్న పిల్లవాడు కూడా చెప్పగలడు. ఖాతాలో రెండు వేలు వాడుకునే మనిషి ఎనిమిది వేల పరిమితి దాటాడంటే సంతకం చూడమా?

ముందు లైట్ల సంగతి వేరు. కారుతో వచ్చే రకం హాలోజన్ బల్బు 60/55 వాట్లు, అంటే ఒక్కోదానికి 5 ఆంపియర్లు. చాలామంది మన చీకటి రోడ్ల కోసమని 100/90 బల్బులు వేయిస్తారు. 100ను 12తో భాగించండి, 8.3. అది 8 ఆంపియర్ల ఫ్యూజు మీద ఉంటే వేడెక్కి పోవచ్చు. ఇక్కడ దోషం వైరులో లేదు, మన ఆశలో ఉంది. పెద్ద ఫ్యూజు వేస్తే ఫ్యూజు మోస్తుంది, పాత వైరు, స్విచ్చి మోయవు. వాటికి వేరే రిలే, లావు వైరు వేయించాలి, లేదా 60/55తో సరిపెట్టుకోవాలి. నేను సరిపెట్టుకున్నాను.

పోయిన ఫ్యూజును పారేయకుండా చూడండి, అది కొంత చెబుతుంది. రేకు మొత్తం ఎగిరిపోయి నల్లటి మసి ఉంటే షార్టు. నడుము దగ్గర మెత్తబడి వంగి తెగితే మోయలేని బరువు. కొస దగ్గర మాత్రమే మాడితే, అసలు ఫ్యూజు తప్పే లేదు. దాన్ని పట్టుకునే ఇత్తడి నాలుక వదులై, లేదా తుప్పు పట్టి అక్కడ వేడెక్కుతోంది. ఈ మూడో రకం మన బళ్ళారిలో చాలా ఎక్కువ. ఖనిజం లారీలు రాత్రింబవళ్ళు తిరిగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు మన జిల్లా గనుల తవ్వకం ఆపమనేదాకా ఇళ్ళు, చెట్లు, కార్లు అన్నీ ఒకే ఎరుపు. ఆ దుమ్ము ఫ్యూజు డబ్బాలో చేరి, వానాకాలం తేమకు ముద్దయి, కాంటాక్టుల మధ్య కూర్చుంటుంది. మా కారులో ఒకసారి హారను మోగకపోతే ఫ్యూజు చూశాను, చెక్కుచెదరలేదు. దాన్ని ఉన్నచోటనే వేలితో రెండుసార్లు గుండ్రంగా తిప్పాను, హారను మోగింది. బ్యాటరీ తీగ విప్పి, సన్నని గరుకు కాగితంతో ఆ నాలుకలు రుద్ది, వదులైనవి కొంచెం లోపలికి వంచితే ఏడాది దాకా ఆ బాధ ఉండదు.

ఈ పింగాణీ ఫ్యూజుల కోసం నేను బెంగళూరు జె.సి. రోడ్డుకు వెళ్ళిన పని మీద వెళ్ళి, రెండు పెట్టెలు తెచ్చుకున్నాను. ఒక పెట్టె యాష్‌ట్రేలో ఉంటుంది, మా ఇంట్లో సిగరెట్టు ఎవరూ కాల్చరు కాబట్టి. తర్వాతి కాలపు కార్లు ఉన్నవారికి ఆ శ్రమ లేదు. రెండు కాళ్ళ బిళ్ళ ఫ్యూజులు ప్రతి షాపులోనూ ఉంటాయి. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. జాగ్రత్త, మా పింగాణీ వాటిలో ఎరుపు 16, నీలం 25. ఒక బండి రంగులు ఇంకో బండికి పనికిరావు. మీద అచ్చువేసిన అంకె చూడండి.

ఆ ఏడు ఉగాదికి, 2023 మార్చిలో, చీకటి పడ్డాకే బయలుదేరాం. డిక్కీలో బస్తా వేశాను. మా అమ్మ రానంటుందేమో అనుకున్నాను. కానీ అందరికన్నా ముందు ఎక్కి కూర్చుంది. మా ఆవిడ దారంతా రోడ్డు చూడలేదు, మీటరు దీపమే చూస్తూ కూర్చుంది. హగరి వంతెన దాటాక, "వెలుగుతూనే ఉంది" అంది. గుంతకల్లు చేరాక బావగారు మొదట వెనక్కు వెళ్ళి దీపాలు చూసి, ఆ తర్వాతే మమ్మల్ని లోపలికి రమ్మన్నారు.

హోస్పేట పెద్దాయనకు నేను విడిగా ఉత్తరం రాశాను. ఆ రాగి తీగ ఈ పూటే తీసేయమన్నాను. తెల్ల ఫ్యూజులు దొరకకపోతే నా దగ్గరున్న వాటిలో అయిదు పంపుతానన్నాను. ఫ్యూజు ఎప్పుడెప్పుడు పోయింది, ఏ స్విచ్చి వేసి ఉంది, బండిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, డిక్కీలో ఏముంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పంపమన్నాను. ఆయన జవాబు వస్తే, ఆయన అనుమతితో వచ్చే సంచికలో చెబుతాను. రేడియేటరు సంగతి కూడా అప్పుడే, వేసవి ముదరకముందు.